కార్తీక వనభోజనానికి ఒడియా వియ్యాలవారు వస్తున్నారు: ఏ రోజు పెట్టాలి, ఏం వండాలి?

పర్లా పద్మ | 23 అక్టోబరు 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఏటా కార్తీకంలో మా ఆయన అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి పాతపట్నం దారిలో మా మామగారి తోటలో వనభోజనం పెట్టుకుంటాం. పదేళ్ల పైనుంచీ అదే వంట: పులిహోర, బూరెలు, కంద బచ్చలి, ముక్కల పులుసు, గడ్డపెరుగు. ఆఖర్న ఎవరో ఒకరు గరిటె తోటలో మర్చిపోయి రావడం కూడా మామూలే. దీనికి ఎవర్నీ సలహా అడగాల్సిన పని ఇంతవరకూ పడలేదు.

ఈ వైశాఖంలో మా అమ్మాయి పెళ్లయింది. అల్లుడు ఒడియా అబ్బాయి, బరంపురం వాళ్లు. మొన్న దీపావళికి ఫోన్ చేస్తే వియ్యపురాలుగారు "మీ వనభోజనానికి ఈసారి మేమూ వస్తాం" అన్నారు. అటునుంచి పన్నెండు మంది, మేము ముప్పై ముగ్గురం, మొత్తం 45. సంతోషమే గాని అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఆవిడ కార్తీకమంతా హబిష పాటిస్తారు. పగలు ఒక్కపూట భోజనం, అది కూడా పచ్చిబియ్యం అన్నం, పెసరపప్పు, నెయ్యి. ఉల్లి వెల్లుల్లి మేమూ వాడం, అది గొడవ లేదు. కానీ వాళ్లింట్లో హబిష వంటలో పసుపు కూడా వెయ్యరట. పసుపు లేకుండా పులిహోర ఎలా చెయ్యను?

నా ముందు మూడు తేదీలున్నాయి. నవంబరు 2 ఆదివారం, ద్వాదశి. 5 బుధవారం పౌర్ణమి, సెలవు. 9 ఆదివారం. ఏది మేలంటారు?

చిక్కోలు చిన్నోడు | 23 అక్టోబరు, రాత్రి 9.58

పసుపు లేని పులిహోర అంటే పులిసిన అన్నమే కదండీ. ముందు తేదీ తేల్చండి, పసుపు సంగతి తర్వాత.

గుణుపురం మాస్టారు | 23 అక్టోబరు, రాత్రి 10.31

అమ్మా పద్మా, చిన్నోడు సరిగ్గానే అన్నాడు. మీ చిక్కు వంటలో లేదు, పంచాంగంలో ఉంది.

మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా వాళ్లకి పౌర్ణమితో ముగుస్తుంది. వాళ్ల కార్తీకం కుమార పౌర్ణమి మర్నాడే, అంటే అక్టోబరు 7నే మొదలైపోయింది. నవంబరు 5 పౌర్ణమితో అయిపోతుంది. మన కార్తీకం నిన్న 22న మొదలైంది, నవంబరు 20 అమావాస్య దాకా నడుస్తుంది. రెండు ఇళ్లూ ఒకేసారి కార్తీకంలో ఉండేది ఈ శుక్లపక్షం పదిహేను రోజులే. మీరు చెప్పిన మూడు తేదీల్లో 2, 5 ఇద్దరికీ కార్తీకం. 9 మీకు కార్తీకం, వాళ్లకి మార్గశిరం.

ఇది ఇప్పటి తిరకాసు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి కూడా పర్లాకిమిడి రాజావారే, 1937లో. అప్పట్లో ముఖ్యమంత్రి అనేవారు కాదు. సరిహద్దు గీత గీశారు గాని...

బరంపురం బుజ్జి | 23 అక్టోబరు, రాత్రి 10.40

మాస్టారూ, దండం పెడతాను, బూరెల దగ్గరికి రండి.

గుణుపురం మాస్టారు | 23 అక్టోబరు, రాత్రి 10.44

వస్తున్నానయ్యా. ఈ ముక్క చెప్పకపోతే 9న ఏం జరుగుతుందో ఆవిడకి అర్థం కాదు.

చిక్కోలు చిన్నోడు | 23 అక్టోబరు, రాత్రి 10.47

నాకు అర్థమైంది మాస్టారూ. 9న పద్మగారు కార్తీకంలో ఉంటారు, వాళ్ల వియ్యాలవారు చేపల పులుసులో ఉంటారు.

బరంపురం బుజ్జి | 23 అక్టోబరు, రాత్రి 11.05

చిన్నోడు నవ్వులాటకి అన్నా ఉన్న మాట అది. నేను పుట్టి పెరిగింది బరంపురంలోనే కాబట్టి చెప్తున్నా. ఒడియా వాళ్ల ఇళ్లలో కార్తీకం ఆఖరి ఐదు రోజుల్ని పంచుక అంటారు. ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా. ఆ ఐదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని సామెత, అందుకే బగ పంచుక అని కూడా అంటారు. నెలంతా తిన్నవాళ్లు సైతం ఆ ఐదు రోజులు మానేస్తారు. పౌర్ణమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు పొద్దున్నే సంచులు పట్టుకుని మాంసం కొట్ల ముందు జనం ఎలా నిలబడతారో చూసి తీరాలి.

ఈసారి ఇంకో మెలిక. ఛాడఖాయి 6న, గురువారం పడింది. వాళ్ల మార్గశిరంలో గురువారాలు మాణబసా, ఇంట్లో లక్ష్మీపూజ. ఆ రోజు నీసు వండరు. మా వీధిలో చాలామంది శుక్రవారానికి జరిపేసుకుంటామంటున్నారు. అంటే 7న మొదలుపెట్టి 9 నాటికి మాంచి ఊపు మీద ఉంటారు. పద్మగారూ, మీ వియ్యంకుడుగారికి ముందే చెప్పండి, 9న మన తోటలో నిరామిషమే అని. ఒకసారి మా ఇంటికొచ్చిన స్నేహితుడు ఆకు ముందు కూర్చుని, చేప ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూశాడు పాపం.

పర్లా పద్మ | 24 అక్టోబరు, ఉదయం 6.15

అయ్యో, ఇదంతా నేను ఆలోచించనే లేదు. ఇన్నేళ్లు పర్లాలో ఉండి ఛాడఖాయి అంటే మాంసం కొట్టు దగ్గర రద్దీ అనే తెలుసు గాని తారీఖు లెక్క ఎప్పుడూ వేసుకోలేదు. మరి 2 గాని 5 గాని పెడితే?

రాయగడ రాధ | 24 అక్టోబరు, ఉదయం 11.20

పద్మక్కా, నేను ఒడియా ఇంటి కోడలిని, పంతొమ్మిదేళ్లయింది. మా అత్తగారు హబిష పట్టేవారు కాబట్టి దగ్గరుండి చూశాను.

5 వద్దే వద్దు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి నదికో చెరువుకో వెళ్లి బొయిత బందాణ చేస్తారు. అరటి దొప్పతోనో, సోల బెండుతోనో చేసిన పడవల్లో దీపం, తాంబూలం పెట్టి "ఆ కా మా బై" అంటూ వదులుతారు. మనం పోలి పాడ్యమికి దీపాలు వదలమూ, అలాగే గాని వాళ్లది పౌర్ణమి రోజు. ఆ నిద్రలేని మనుషుల్ని మూడు గంటలు కారులో కూర్చోబెట్టి తీసుకురాలేరు. మీకు మాత్రం ఆ సాయంత్రం 365 వత్తుల పని లేదా?

2న పెడితే ఆవిడ తప్పకుండా వస్తారు. కానీ హబిషలో ఉన్నప్పుడు మా అత్తగారు ఒకళ్ల చేతి వంట తినేవారు కాదు. చిన్న ఇత్తడి గిన్నె, పిడికెడు పచ్చిబియ్యం, పెసరపప్పు, అరటికాయ, చేమదుంప, ఒవు అనే పుల్లటి కాయ ముక్క తనే తెచ్చుకుని పక్కన మూడు ఇటుకలు పెట్టుకుని వండుకునేవారు. మీరు నలభై ఐదు మందికి వడ్డిస్తూ ఉంటే, ఎవరి కోసం ఇదంతా చేశారో ఆవిడ ఓ మూల తన గిన్నె దగ్గర కూర్చుంటారు. ఆవిడకి అది మామూలే. మీ ప్రాణమే ఒప్పదు.

9 పెట్టండి. హబిష అయిపోతుంది, పసుపు గొడవ ఉండదు, పొద్దు వాలకుండా తినాలనే తొందర ఉండదు. నెలంతా చప్పిడి తిన్న నాలుక మీద మన పులిహోర పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నీలమణి భక్తుడు | 24 అక్టోబరు, మధ్యాహ్నం 2.10

తేదీ సరే. అసలు కార్తీకంలో పప్పు వండొచ్చా? చాతుర్మాస్యంలో శ్రావణం ఆకుకూరలు, భాద్రపదం పెరుగు, ఆశ్వయుజం పాలు, కార్తీకం ద్విదళాలు మానాలి. ద్విదళమంటే రెండు బద్దలయ్యేది. కంది, పెసర, మినుము, శనగ అన్నీ పోయినట్టే. మీరేమో బూరెల్లో శనగపప్పు, మినపప్పు అంటున్నారు.

గుణుపురం మాస్టారు | 24 అక్టోబరు, మధ్యాహ్నం 3.02

మీరు చెప్పిన నియమం నిజమే. కానీ అది చాతుర్మాస్య వ్రతం పట్టినవారికి. ఆ వ్రతం కార్తీక శుద్ధ ఏకాదశి, ద్వాదశులతో పూర్తవుతుంది. పౌర్ణమి దాకా లెక్కపెట్టేవారికైనా 5తో అయిపోతుంది. 9న బూరెలకి ఏ అడ్డూ లేదు. అడ్డు వేరేచోట ఉంది. ఉసిరిచెట్టు కింద కూర్చుంటారు, వండేవాటిలో ఉసిరికాయ పచ్చడి ఉందా?

పర్లా పద్మ | 24 అక్టోబరు, మధ్యాహ్నం 3.15

ఉంది మాస్టారూ. ఏటా ఉంటుంది.

గుణుపురం మాస్టారు | 24 అక్టోబరు, మధ్యాహ్నం 3.17

9 ఏం వారం?

పర్లా పద్మ | 24 అక్టోబరు, మధ్యాహ్నం 3.18

ఆదివారం. అయ్యో రామా.

చిక్కోలు చిన్నోడు | 24 అక్టోబరు, మధ్యాహ్నం 3.25

ఆదివారం ఉసిరి తినకూడదు, వనభోజనానికి ఆదివారం తప్ప సెలవు దొరకదు. మా అమ్మమ్మ దీనికో దారి కనిపెట్టింది. చెట్టుకి పూజ, కాయ మీద దీపం, పచ్చడి సీసా సోమవారం పొద్దున తీయడం.

రాయగడ రాధ | 24 అక్టోబరు, సాయంత్రం 5.40

పచ్చడి బదులు ఖట్టా చెయ్యండక్కా. టమాటా, ఖర్జూరం, బెల్లం, అల్లం ముక్క. పోపులో పంచఫుటణ: జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. అది వియ్యాలవారి వైపు రుచి, పిల్లలు కూడా వేళ్లు నాకుతారు. అప్పటికి వాళ్ల కార్తీకం వెళ్లిపోతుంది కాబట్టి టమాటాకి వాళ్లకీ అభ్యంతరం ఉండదు. ఇక పులుసు మానేసి దాల్మా, అదే పప్పు, కూరముక్కలు కలిపి వండేది, పెట్టండి.

నీలమణి భక్తుడు | 24 అక్టోబరు, సాయంత్రం 6.05

వనభోజనం మనది. మన ఇంటికొచ్చినప్పుడు మన తిండి పెట్టాలి. వాళ్లింటికి వెళ్లినప్పుడు దాల్మా ఎలాగూ పెడతారు. మళ్లీ ఇక్కడా అదేనా?

రాయగడ రాధ | 24 అక్టోబరు, సాయంత్రం 6.30

వాళ్ల కోసం వేరే పొయ్యి పెట్టమనలేదండీ నేను. పప్పులో కూరముక్కలేసి చింతపండు పోస్తే మీ ముక్కల పులుసు, పొయ్యకుండా నెయ్యి పోపు, వేయించిన జీలకర్ర ఎండుమిర్చి పొడి, కొబ్బరి వేస్తే మా దాల్మా. గుమ్మడి, అరటికాయ, చేమ, ములక్కాడ రెంటిలోనూ అవే. ఇంతోటి దానికి మీది మాది ఏమిటి?

గాడిపొయ్యి | 24 అక్టోబరు, రాత్రి 8.50

నేను పాతపట్నం, టెక్కలి వైపు పెళ్లిళ్లకి వంట చేస్తాను. భక్తుడుగారి మాట కాదనను గాని వండేవాడిగా చెప్తున్నా. తోటలో రెండు గాడిపొయ్యిల మీద 45 మందికి పప్పు, పులుసు, దాల్మా మూడూ అంటే గిన్నెలు చాలవు. దాల్మా పెడితే పప్పు తీసెయ్యండి, అందులోనే పప్పుంది. పులుసుకి బదులు చారు చాలు. అప్పుడు ఎవరి కోసం ఎవరు తగ్గినట్టూ ఉండదు.

సరుకులు రాసుకోండి. తెల్లన్నానికి బియ్యం 5 కిలోలు. పులిహోరకి 2 కిలోలు, పులిహోర ఉంటే తెల్లన్నం తగ్గుతుంది. కిలో బియ్యానికి 100 గ్రాముల చింతపండు, పాతదైతే ఇంకాస్త తక్కువ. దాల్మాకి పప్పు కిలోన్నర, ముక్కలు 4 కిలోలు. కంద 3 కిలోలు, బచ్చలి ఆరు పెద్ద కట్టలు. పెరుగుకి 7 లీటర్ల పాలు ముందురోజు రాత్రి తోడు పెట్టుకోండి, చలి మొదలవుతోంది కాబట్టి తోడు ఒక చెంచా ఎక్కువ వెయ్యండి. బూరెలు మనిషికి రెండు, ఇంటికి పట్టుకెళ్లేవాళ్లకి మరో ముప్పై, 120 పెట్టుకోండి. కిలో శనగపప్పు, కిలో బెల్లానికి ఓ 70 బూరెలొస్తాయి. కాబట్టి పప్పు, బెల్లం చెరి పావు తక్కువ రెండు కిలోలు. పైపిండికి గ్లాసు మినపప్పు, రెండు గ్లాసుల బియ్యం. గారెలు మాత్రం వద్దు, బూరెలు అయ్యేసరికే మూకుడు దగ్గర మనిషి నడుం విరుగుతుంది.

పర్లావాసి హైదరాబాద్ నుంచి | 24 అక్టోబరు, రాత్రి 10.15

నాదో సలహా. పనీర్ బటర్ మసాలా, వెజ్ బిర్యానీ పెడితే రెండు వైపులా అందరూ తింటారు కదా. కేటరింగ్‌కి ఇచ్చేస్తే మీకూ సుఖం.

గాడిపొయ్యి | 24 అక్టోబరు, రాత్రి 10.22

బాబూ, ఉల్లి వెల్లుల్లి లేకుండా ఆ రెండూ నువ్వు ఒకసారి వండి పంపు, తిని చెప్తాం.

పర్లా పద్మ | 25 అక్టోబరు, ఉదయం 5.50

కేటరింగ్ ముచ్చట రెండేళ్ల క్రితం తీరిందిలే తమ్ముడూ. ఒకళ్లకి చెప్పాం, పేరెందుకు. ఉల్లి వద్దని మూడుసార్లు చెప్పాను. దించిన కూర మూత తియ్యగానే మా పెద్ద తోడికోడలు ముక్కు పట్టుకుంది. అడిగితే "కొంచమే వేశామమ్మా, రుచి కోసం" అన్నాడు ఆ అబ్బాయి. ఆ రోజు పాతికమంది పులిహోర, పెరుగన్నంతో లేచారు. అప్పట్నుంచీ మేమే వండుకుంటున్నాం.

ఇవాళ నాగుల చవితి, పుట్ట దగ్గరికి వెళ్లాలి. తేదీ 9కి ఖాయం చేశాను. వియ్యంకుడుగారికి మా ఆయన చెప్పారు. ఆయన నవ్వి, "శుక్ర, శనివారాలు నాకు చాలు" అన్నారట.

జయపురం జయ | 25 అక్టోబరు, ఉదయం 10.30

పరమాన్నం లేకుండా వియ్యాలవారి భోజనమా? మా కోరాపుట్ కాలాజీర బియ్యం దొరికితే దాంతో వండండి. పొట్టు నల్లగా జీలకర్రలా ఉంటుంది, బియ్యం చిన్నవి, ఉడుకుతుంటే వాసన పక్కింటికి వెళ్తుంది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక కిలో చాలు, ముందు నెయ్యిలో దోరగా వేయించి పాలల్లో వెయ్యండి. బెల్లం మాత్రం గిన్నె దించి, కాస్త వేడి తగ్గాకే కలపండి. ఉడుకుతున్న పాలల్లో వేస్తే విరిగి ఊరుకుంటాయి. నాకొకసారి అయిదు లీటర్లు పోయాయి.

రాయగడ రాధ | 25 అక్టోబరు, మధ్యాహ్నం 12.05

కంద బచ్చలిలో ఆవ పెడతారు కదా, అది వాళ్లకి బాగా నచ్చుతుంది చూడండి. ఒడియా వాళ్ల బేసర కూడా ఆవ ముద్దే. తేడా ఒక్కటే. వాళ్లు ఆవముద్దని కూరతో ఉడికిస్తారు, మనం దించాక కలుపుతాం.

గాడిపొయ్యి | 25 అక్టోబరు, మధ్యాహ్నం 12.40

దించాకే కలపాలి, అదీ చల్లారాక. మంట మీద వేస్తే చేదెక్కుతుంది. ఆవాలు నానబెట్టి, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి నూరండి. పొద్దున్నే నూరి పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఘాటు పోతుంది, తోటలోనే నూరుకోవాలి. కంద కోసేవాళ్లు చేతికి నూనె రాసుకోండి.

రాయగడ రాధ | 25 అక్టోబరు, మధ్యాహ్నం 12.52

మా అత్తగారు మంట మీదే వేస్తారు, ఎప్పుడూ చేదు రాలేదు. నానబెట్టిన నీళ్లు పారబోస్తారు, నూరేటప్పుడు జీలకర్ర కలుపుతారు. ఎవరి చెయ్యి వారిది.

పర్లా పద్మ | 29 అక్టోబరు, రాత్రి 8.10

రెండు రోజులుగా మొంథా తుపాను వాన. కరెంటు ఇప్పుడే వచ్చింది. మహేంద్రతనయ ఎర్రగా పారుతోంది. మా ఆయన తోట చూసి వచ్చారు, పెద్ద కొమ్మ ఒకటి విరిగింది గాని ఉసిరిచెట్టు బాగానే ఉంది. నేలంతా బురద. 9 నాటికి ఆరుతుందంటారా?

చిక్కోలు చిన్నోడు | 29 అక్టోబరు, రాత్రి 8.45

పది రోజులుంది, ఎండ కాస్తే ఆరుతుంది. నాలుగు టార్పాలిన్లు, వాటి కింద పరవడానికి వరిగడ్డి చెప్పి ఉంచండి. గడ్డి ముందు పరిస్తే తడి లాగేస్తుంది. కట్టెలు ఇప్పుడే ఇంట్లో పెట్టండి, తడి కట్టెలతో గాడిపొయ్యి అంటే అందరికీ కన్నీళ్లే.

బరంపురం బుజ్జి | 30 అక్టోబరు, ఉదయం 7.30

అప్పడాలు కొనకండి. బరంపురం నుంచి వస్తూ వాళ్లు ఎలాగూ తెస్తారు, చేతులూపుకుంటూ ఎవరూ రారు. ఆకులు ఏం పెడుతున్నారు?

పర్లా పద్మ | 30 అక్టోబరు, ఉదయం 9.00

తుపానుకి అరటాకులన్నీ చీలికలైపోయాయి. అడ్డాకుల విస్తళ్లు చెప్పాను, వంద.

బరంపురం బుజ్జి | 30 అక్టోబరు, ఉదయం 9.12

అదే మంచిది. వాళ్లకి సాలాకుల విస్తరి, ఖలి అంటారు, అలవాటు, చూడగానే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

పర్లా పద్మ | 10 నవంబరు 2025, సాయంత్రం 4.30

నిన్న అయింది. ఇవాళంతా పడుకున్నాను, ఇప్పుడు లేచి రాస్తున్నాను.

నేల ఆరింది, చిన్నోడు చెప్పిన గడ్డి పనికొచ్చింది. పులిహోర, కంద బచ్చలి, దాల్మా, ఖట్టా, చారు, పెరుగు, కాలాజీర పరమాన్నం, బూరెలు. అప్పడాలు బుజ్జి చెప్పినట్టే రెండు పెద్ద డబ్బాలు వాళ్లే తెచ్చారు. ఉసిరికి దీపం పెట్టాం, కాయ ముట్టలేదు. వియ్యపురాలుగారికి ఆదివారం ఉసిరి సంగతి చెప్తే, తనతో తెచ్చిన ఉసిరి మొరబ్బా సీసా నా చేతిలో పెట్టి "అయితే రేపు తినండి" అన్నారు.

రెండు సంగతులు మీకు చెప్పాలి.

ఒకటి, దాల్మా అడుగంటింది. పెసరపప్పు, శనగపప్పు కలిపి వేశాను. కట్టె మంట ఎక్కువైంది. మా చిన్న తోడికోడలు గరిటె పెట్టి గబగబా కలపబోయింది. వియ్యపురాలుగారు ఆకులు తుడుస్తున్నవారు కాస్తా లేచి పరుగున వచ్చి "నా నా, కదపకు" అని చెయ్యి పట్టుకున్నారు. కొంగు నడుముకి దోపి, గిన్నె దింపించి, పైపైన ఉన్నదంతా చిన్న గిన్నెతో ఇంకో దాంట్లోకి తీశారు. అడుగున రెండు వేళ్ల మందం అలాగే వదిలేశారు. కొంచెం రుచి చూసి, వేడినీళ్లు పోసి, తను తెచ్చుకున్న పొట్లం విప్పారు. వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి. నేను చేసింది లేతగా వేయించి దంచింది, ఆవిడది నల్లబడేదాకా వేయించింది. అది రెండు గుప్పిళ్లు చల్లి, కొబ్బరి వేసి, నెయ్యి పోపు పెట్టేసరికి మాడు వాసన ఎక్కడికి పోయిందో తెలియలేదు. తిన్నవాళ్లెవరూ కనిపెట్టలేదు. భక్తుడుగారూ, మా ఇంట్లో మీలాగే మాట్లాడే మా బావగారు మూడుసార్లు వేయించుకున్నారు.

రెండోది నా అజ్ఞానం. మన పద్ధతిలో మొదట పరమాన్నం, బూరె వడ్డించాం. మా వైపు వాళ్లు అది తిని పులిహోరలోకి వెళ్లారు. అటు పన్నెండు మందీ పరమాన్నాన్ని విస్తరి మూలకి నెట్టి అన్నం కలుపుకున్నారు. వియ్యపురాలుగారైతే ముట్టనే లేదు. నాకు గుండె జారింది. బెల్లం ఎక్కువైందా, పాలు విరిగాయా అని వంటగిన్నె దగ్గరికెళ్లి రెండుసార్లు రుచి చూసుకున్నాను. మా అమ్మాయిని సైగ చేసి అడిగితే అదేమో నవ్వుతుంది. పెరుగన్నం కూడా అయ్యాక అందరూ తీరిగ్గా ఆ మూల నుంచి పరమాన్నం దగ్గరికి లాక్కుని తిన్నారు. వాళ్లకి ఖీరి ఆఖర్న తినేదట. ఒక్కరైనా చెప్పారా మీరు?

రాయగడ రాధ | 10 నవంబరు, సాయంత్రం 5.05

అక్కా, పంతొమ్మిదేళ్ల నుంచి ఆఖర్నే తింటున్నాను, చెప్పాలని కూడా తట్టలేదు. క్షమించు.

గాడిపొయ్యి | 10 నవంబరు, సాయంత్రం 6.20

పెసర, శనగ కలిపి వేశారా? పెసర ముందు ఉడికి అడుగుకి దిగుతుంది, అక్కడే అంటుకుంది. ఈసారి శనగపప్పు సగం ఉడికాక పెసరపప్పు వెయ్యండి. బూరెలు పేలలేదా?

పర్లా పద్మ | 10 నవంబరు, సాయంత్రం 6.32

మొదటి వాయిలో నాలుగు పేలాయి. పూర్ణం కాస్త వదులైంది. పైపిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలిపాక నిలబడ్డాయి. పేలినవి పిల్లలు తినేశారు, లెక్కలోకి రావు.

బరంపురం బుజ్జి | 10 నవంబరు, రాత్రి 9.00

ఆ జీలకర్ర పొడి కొలత అడిగారా?

పర్లా పద్మ | 10 నవంబరు, రాత్రి 9.20

అడిగాను. నాలుగు గుప్పిళ్ల జీలకర్రకి పది ఎండుమిర్చి, నూనె లేకుండా సన్నమంట మీద, "ఇంకొక్క క్షణం ఉంటే మాడిపోతుంది అనిపించేదాకా" అన్నారు. ఆ క్షణం ఎప్పుడొస్తుందో మాత్రం పక్కన నిలబడి చూడాలట. వచ్చే ఏడు ముందురోజు రాత్రే వచ్చి ఉంటామన్నారు.

గుణుపురం మాస్టారు | 11 నవంబరు, ఉదయం 6.10

వచ్చే ఏడు జ్యేష్ఠం అధికం. ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యంగా వస్తాయి, కార్తీక పౌర్ణమి నవంబరు 24, మంగళవారం. ఆ తర్వాతి ఆదివారం 29. వియ్యాలవారికి ఇప్పుడే చెప్పి ఉంచమ్మా, ఆ రాత్రి ఉండేవాళ్లకి దుప్పట్లు కూడా చూసుకో. తోటలో అప్పటికి చలి గట్టిగా ఉంటుంది.

పర్లా పద్మ | 11 నవంబరు, ఉదయం 6.45

రాసుకున్నాను మాస్టారూ. అన్నట్టు ఈసారి గరిటె ఎవరూ తోటలో మర్చిపోలేదు. బరంపురం వెళ్లిపోయిందట, వాళ్ల అప్పడాల డబ్బాలో.